ఎక్స్‌ఎంఎల్‌తో పనిచేద్దాం – 5వ పాఠం: ట్యాగ్ కళ్లముందే ఉన్నా ఎక్స్‌పాత్‌కు ఎందుకు దొరకదు?

ఈసారి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాష) మొదలుపెడతానన్నాను కదా, దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. నాలుగో పాఠం చదివి ఎక్స్‌పాత్ (ట్యాగుల మధ్య డేటా ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో కావాల్సిన ట్యాగులను వెతికే భాష) పట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. బెంగళూరు బస్సు రూట్ల ఫైల్లో //రూటు అని అడిగితే 500డి, 335ఈ అన్నీ వచ్చాయి. అదే ధైర్యంతో ఆఫీసు ప్రాజెక్టులోని మేవెన్ పోమ్ ఫైల్లో (జావా ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలను, అంటే డిపెండెన్సీలను, రాసిపెట్టే ఎక్స్‌ఎంఎల్ ఫైల్) //డిపెండెన్సీ అని అడిగితే "ఎక్స్‌పాత్ సెట్ ఈజ్ ఎంప్టీ" అని వచ్చింది. ఫైల్ తెరిచి చూస్తే డిపెండెన్సీలు బారులు తీరి ఉన్నాయి. టెన్షన్ పడకండి, మీ స్పెల్లింగ్ సరిగానే ఉంది. (కమాండ్లను, ట్యాగులను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.)

పోమ్ ఫైల్లో మొదటి ట్యాగ్ చూడండి. ప్రాజెక్ట్ పక్కనే ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఉండి, దాని విలువగా పోమ్/4.0.0 తో ముగిసే ఒక చిరునామా ఉంటుంది. అది డిఫాల్ట్ నేమ్‌స్పేస్, అంటే ట్యాగులు ఏ కుటుంబానివో చెప్పే గుర్తు. అది ప్రాజెక్ట్ ట్యాగ్‌కే కాదు, లోపల ప్రిఫిక్స్ (పేరుకు ముందు కోలన్‌తో వచ్చే ముక్క) లేకుండా ఉన్న ప్రతి ట్యాగ్‌కూ వర్తిస్తుంది. మారతహళ్లిలో ఏ పీజీలో చూసినా రవులు ముగ్గురుంటారు, ఇంటిపేరు చెబితేనే ఏ రవో తెలిసేది. ట్యాగ్‌కు ఆ చిరునామాయే ఇంటిపేరు. ఇక 1999లో వచ్చిన ఎక్స్‌పాత్ 1.0 నియమం ఏమిటంటే, ప్రిఫిక్స్ లేకుండా పేరు రాస్తే "ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని ట్యాగ్" అనే అర్థం. పోమ్‌లో అలాంటి డిపెండెన్సీ ఒక్కటీ లేదు, అందుకే ఖాళీ జవాబు వచ్చింది. బస్సుల ఫైల్లో అసలు నేమ్‌స్పేసే లేదు కాబట్టి అక్కడ పని జరిగిపోయింది.

నేను టెర్మినల్లో చేసేది ఇది. ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే టూల్‌ను షెల్ మోడ్‌లో (కమాండ్లు ఒక్కొక్కటిగా కొట్టేలా) తెరిచి ముందుగా సెట్‌రూట్‌ఎన్‌ఎస్ అని కొడతాను. రూట్ ట్యాగ్‌లో ఉన్న నేమ్‌స్పేసులన్నీ నమోదవుతాయి, డిఫాల్ట్ దానికి డిఫాల్ట్‌ఎన్‌ఎస్ అనే ప్రిఫిక్స్ వస్తుంది. ఆ తర్వాత క్యాట్ //డిఫాల్ట్‌ఎన్‌ఎస్:డిపెండెన్సీ అంటే చాలు. ఫైల్లో ఏముందో ఊరికే చూసుకోవడానికైతే //*[లోకల్-నేమ్()='డిపెండెన్సీ'] కూడా పనికొస్తుంది. కానీ ప్రొడక్షన్ కోడ్‌లో లోకల్-నేమ్ కనిపిస్తే నేను రివ్యూలో వెనక్కి పంపిస్తాను, ఎందుకంటే అది ఇంటిపేరు అడగకుండా ఆ పేరున్న ప్రతివాణ్నీ లోపలికి రానిస్తుంది.

అంతకంటే నాకు ఒళ్లుమండేది ఇంకొకటుంది: ఫైల్‌ను స్ట్రింగ్‌గా చదివి, రెగెక్స్‌తో (అక్షరాల నమూనాను బట్టి వెతికే పద్ధతి) ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ముక్కను కోసేసి, ఆ తర్వాత పార్సర్‌కు (ఎక్స్‌ఎంఎల్‌ను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్) ఇవ్వడం. దయచేసి చేయకండి. పోమ్‌లో ఒకటే డిఫాల్ట్ కాబట్టి గడిచిపోతుంది. ఒక పాడ్‌కాస్ట్ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (ఎపిసోడ్ల జాబితా ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్) తీసుకోండి. అందులో మామూలు లింక్ ఉంటుంది, చాలాసార్లు పక్కనే యాటమ్:లింక్ కూడా ఉంటుంది. మొదటిది వెబ్‌సైట్ చిరునామా, రెండోది ఎక్కువగా ఆ ఫీడ్ సొంత చిరునామా. డిక్లరేషన్ కోసేస్తే యాటమ్ అనే ప్రిఫిక్స్ ఎవరిదో తెలియక నేమ్‌స్పేస్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు ప్రిఫిక్స్‌ను కూడా కోస్తారు. ఇప్పుడు ఛానెల్ కింద రెండు లింకులు మిగిలాయి, మీ కోడ్ మొదట కనిపించినదాన్ని పట్టుకుంటుంది, ఫీడ్ తయారుచేసినవాళ్లు వరస మార్చిన రోజున ఎర్రర్ ఏమీ లేకుండానే తప్పు డేటా డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది.

ప్రిఫిక్స్‌ను నమ్ముకోవడం కూడా ఇలాంటిదే. యాటమ్ అనే ప్రిఫిక్స్ బదులు ఇంకోడు ఏ10 అని పెట్టుకోవచ్చు, చిరునామా ఒకటే అయితే ట్యాగ్ ఒకటే. మీ కోడ్‌లో మీ ప్రిఫిక్స్ మీరే నమోదు చేసుకోండి. చిరునామాను మాత్రం అక్షరం అక్షరం పోల్చుతారు, దాన్ని ఎవరూ బ్రౌజర్‌లాగా తెరిచి చూడరు. సెక్యూరిటీ పేరుతో రిపోలో (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటు) ఉన్న హెచ్‌టీటీపీలన్నిటినీ హెచ్‌టీటీపీఎస్‌గా మార్చేస్తే, ఎస్‌వీజీ ఫైల్‌ను (ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన బొమ్మ) బ్రౌజర్లో విడిగా తెరిచినప్పుడు బొమ్మ బదులు ఉత్త ట్యాగులు కనిపిస్తాయి. ఒక్క 'ఎస్' చేరినా అది వేరే నేమ్‌స్పేస్.

యాట్రిబ్యూట్ల (ట్యాగ్ లోపలే పేరు, విలువ జతగా రాసేవి) దగ్గర లెక్క మారుతుంది: డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వాటికి వర్తించదు. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్‌ను అలాగే అడగాలి, ఆండ్రాయిడ్ లేఅవుట్‌లో ఉండే ఆండ్రాయిడ్:ఐడీ లాంటిదాన్ని మాత్రం ప్రిఫిక్స్‌తో అడగాలి.

జావాలో ఎక్స్‌ఎంఎల్ చదవడానికి వాడే డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ మొదట్లో నేమ్‌స్పేసులను పట్టించుకోదు, బిల్డర్ తీసుకునే ముందే సెట్‌నేమ్‌స్పేస్‌అవేర్‌ను ట్రూ చేయండి. పైథాన్‌లో అదే పనికి వాడే ఎలిమెంట్‌ట్రీలో ఫైండ్‌ఆల్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ప్రిఫిక్స్, చిరునామా జతల డిక్షనరీ ఇస్తే సరిపోతుంది.

అభ్యాసం: మీ రెజ్యూమె డాక్స్ (వర్డ్) ఫైల్ తీసుకోండి. అది జిప్ ఫైలే, విప్పితే వర్డ్ ఫోల్డర్లో డాక్యుమెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. హెడింగ్ స్టైల్ ఉన్న పేరాల టెక్స్ట్ మాత్రమే, ఒక్కో పేరా ఒక్కో లైన్లో ప్రింట్ చేయండి. డాక్స్ లైబ్రరీలు వాడకూడదు, లోకల్-నేమ్ వాడకూడదు. స్టైల్ ఐడీ డబ్ల్యూ:వ్యాల్ అనే యాట్రిబ్యూట్‌లో ఉంటుంది, దానికి ప్రిఫిక్స్ ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. ఒకే మాటను వర్డ్ టెక్స్ట్ ఉండే డబ్ల్యూ:టీ ట్యాగులు రెండు మూడింట్లోకి విడగొట్టి ఉండవచ్చు, వాటిని పేరావారీగా కలపాల్సింది మీరే. ఇది ఒక్క పూటలో తెమలదు, ఆదివారం ఖాళీ పెట్టుకోండి.