నెలగంట పెట్టకముందే: ఫైబ్రోమయాల్జియా నొప్పులున్న ఆడవాళ్ళకు జాగ్రత్తలు

ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టారంటే మా గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళకు ఊపిరి సలపదు. తెల్లారకుండానే కళ్ళాపి, ముగ్గులు. ఆ పైన బూజులు దులపడం, అటక మీది ఇత్తడి సామాను దింపి తోమడం, పిండివంటలు. కూలికి వెళ్ళేవాళ్ళకు వీటికి తోడు దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు. ఫైబ్రోమయాల్జియా ఉన్న మనిషికి ఏడాది మొత్తంలో ఇంత గడ్డు నెల ఇంకోటి లేదు. కనుమ వెళ్ళిన వారంలో నా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్ళను చూసినప్పుడల్లా ఈ మాటలు కార్తీకంలోనే చెప్పి ఉండాల్సింది కదా అని బాధేస్తుంది. అందుకే ముందుగా రాస్తున్నాను.

ఫైబ్రోమయాల్జియా అంటే ఏమిటంటారా? మెడ, భుజాలు, నడుము, తొడలు అంటూ ఒళ్ళంతా మూడు నెలలకు మించి సలుపుతుంది. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టుండదు. పొయ్యి మీద ఏం పెట్టామో గుర్తుండదు. ఎక్స్‌రేలో, రక్తపరీక్షలో ఏమీ కనపడదు. దాంతో ఇంట్లోవాళ్ళు "నీకేం లేదు, అంతా ఆలోచనే" అనేస్తారు. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధపెడుతుంది, పైగా అది నిజం కాదు. ధనుర్మాసంలో గుడి మైకు సంగతి మీకు తెలుసు కదా, పాడేది ఒక్క గొంతే అయినా సౌండు పెంచేస్తే ఊరంతా మోగుతుంది. ఈ జబ్బులో మెదడు, నరాలు ఒంటి నుంచి వచ్చే చిన్న కబురును కూడా అలాగే పెద్ద నొప్పిగా వినిపిస్తాయి. కీళ్ళు అరిగిపోవడం గానీ, కండ పాడవడం గానీ ఇందులో ఉండదు. అందుకే కదిలితే ఏమైపోతుందో అని భయపడక్కర్లేదు.

భయపడాల్సింది ఒళ్ళు బాగున్న రోజు గురించి.

ఆత్రేయపురం వైపు నుంచి వచ్చే ఒకావిడ పోయిన సంక్రాంతికి ముందు ఒక్క పూటలో మూడు గదులు కడిగేసింది. "ఆ రోజు ఎంత బాగుందో మేడమ్, ఏ నొప్పీ లేదు" అంది. మర్నాడు దువ్వెన తల దాకా ఎత్తలేకపోయింది. జడ కూతురు వేసింది. బాగున్న రోజు పనంతా మీదేసుకోవడం, తర్వాత నాలుగు రోజులు మంచం పట్టడం, లేచి మళ్ళీ అదే చేయడం. ఈ చక్రం ఆగితేనే మిగతా జాగ్రత్తలకు ఫలితం. పనిని పావుగంటకో ఇరవై నిమిషాలకో ముక్కలు చేసి, నొప్పి వచ్చేదాకా కాకుండా గడియారం చూసుకుని ఆపండి. బాగున్న రోజయినా అదే లెక్క. ఒక పూటకు ఒక గది, అంతే.

ఇక ఒంటిని సిద్ధం చేయడం. యూరప్ కీళ్ళవాత వైద్యుల సంఘం 2016లో ఈ జబ్బుకున్న చికిత్సలన్నీ పరిశీలించి గట్టిగా సిఫార్సు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. నెలగంటకు కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. కాలవగట్టు మీద అయిదు నిమిషాలు నడిచినా చాలు, పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే నడక అయితే సరి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ ఇరవై, ముప్ఫై నిమిషాలకు రండి, వారానికి రెండు మూడు రోజులు. మంచు విడిచి ఎండ పొడ వచ్చాకే బయల్దేరండి, చలికి బిగుసుకున్న ఒళ్ళు మొరాయిస్తుంది. మొదట్లో నొప్పి కాస్త పెరగొచ్చు, అంతమాత్రాన మానేయకండి. మర్నాటికి కూడా బాగా ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి. రోజు విడిచి రోజు కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి అయిదుసార్లు నెట్టడం చేస్తే కండకు బలం. గోరువెచ్చటి నీళ్ళు భుజాల మీద పోసుకున్నాక మెడ, నడుము మెల్లగా సాగదీయండి, లాగినట్టుండాలి గానీ నొప్పి పుట్టకూడదు.

పిండివంటల్లో నాకు భయం జంతికల గొట్టమే. బిగుసుకున్న పిండిని రెండు చేతులా నొక్కుతుంటే మణికట్టు నుంచి మెడదాకా పట్టేస్తుంది. పిండి కాస్త జారుగా కలిపి, నొక్కే పని ఇంకొకరికిచ్చి, మీరు పొయ్యి దగ్గర ఎత్తు పీట మీద కూర్చోండి. అరిసెల పాకంలో పిండి కలిపే పని మగవాళ్ళది చేయండి, ఆ తెడ్డు తిప్పడానికి బలం కావాలి. అరిసెలు ఒక రోజు, సున్నుండలు మరో రోజు. ముగ్గు వంగి పెట్టకుండా చిన్న పీట వేసుకుని పెట్టండి, మెలికలు తగ్గినా పండగ తగ్గదు. ఊడ్పులకు వెళ్ళక తప్పనివాళ్ళు గట్టు చేరినప్పుడల్లా నిటారుగా నిలబడి, నడుము మీద చేతులు వేసి మెల్లగా వెనక్కి వంగండి. ముఠాలో ముందే చెప్పి మొదటి వారం పూట పనికే ఒప్పుకోండి. కూలి పోతుందని తెలిసే చెబుతున్నాను, మంచాన పడితే పోయేది అంతకంటే ఎక్కువ.

ఈ నెలలో "ఒక్క సూది వేయించుకుంటే పండగ గడిచిపోతుంది" అనేవాళ్ళు ఎదురవుతారు. ఆ సూదిలో ఉండేది స్టెరాయిడ్ అయితే అది ఈ జబ్బుకు పనిచేయదు, చెడు మాత్రం చేస్తుంది. నొప్పిబిళ్ళలు రోజూ మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు రాసిన మందులను హడావుడిలో హఠాత్తుగా మానేయకండి. వాటిలో కొన్ని మత్తుగా ఉంచుతాయి కాబట్టి వేసుకున్నాక నూనె మూకుడు దగ్గరికి వెళ్ళొద్దు. చుట్టాలొచ్చినా పడుకునే వేళ మార్చొద్దు.

ఇంత చేసినా నొప్పి తిరగబెట్టొచ్చు. అప్పుడు రెండు మూడు రోజులు పని సగం చేసుకోండి, వెచ్చటి కాపడం పెట్టుకోండి, కానీ పూర్తిగా మంచం మీదే ఉండకండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కీళ్ళు వాచినా, పొద్దున్నే బిగుసుకున్న చేతులు గంట దాటినా సాగకపోయినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా, ఒక కాలో చెయ్యో పట్టు తప్పినా అది ఫైబ్రోమయాల్జియా ఖాతాలో వేసేయకుండా పండగని చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంట్లో మగవాళ్ళకూ ఒక మాట. అటక మీది సామాను నెలగంటకు ముందు ఆదివారమే మీరు దింపేయండి, మళ్ళీ ఎక్కించడం కూడా మీదే.