అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆ అధికారం ఎక్కడిది?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సరిచూసుకుందాం. అధ్యక్షుడు వీటో చేసిన, అంటే తిరస్కరించిన బిల్లును కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మళ్లీ నెగ్గించుకోవాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అందరూ హాజరై ఓటేస్తే ప్రతినిధుల సభలో 435కి 290, సెనేట్‌లో 100కి 67. 218, 51 అని రాసినవాళ్లు మామూలు మెజారిటీ లెక్క వేశారు. ఆ పాఠం ఇంకోసారి చూడండి. ఈ రోజు కథలో వీటోతో పని పడుతుంది.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే. అధ్యక్షుడు సంతకం పెట్టిన కాగితం చూసి, ఆ పని చేసే అధికారం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం.

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌లో (ప్రభుత్వ శాఖలకు అధ్యక్షుడిచ్చే ఉత్తర్వు) మామూలుగా మొదటి పేరాలోనే ఒక వాక్యం ఉంటుంది. ప్రొక్లమేషన్‌లో (అధ్యక్షుడి అధికారిక ప్రకటన) అయితే కారణాలన్నీ చెప్పాక వస్తుంది. ‘రాజ్యాంగం, అమెరికా చట్టాలు నాకిచ్చిన అధికారంతో’ అని దాని అర్థం. పెళ్లి శుభలేఖ పైనుండే శ్లోకంలాగా చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. మీరు మాత్రం అక్కడే ఆగండి. ఆ మాటల తర్వాత ఏదైనా చట్టం పేరు, సెక్షన్ నంబరు ఉన్నాయా? ఉంటే రాసుకోండి. లేకపోతే, లేవని రాసుకోండి. ఆ లేకపోవడం కూడా ఒక సమాచారమే.

ఎందుకో తెలియాలంటే 1952కి వెళ్లాలి. కొరియా యుద్ధం నడుస్తోంది. ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఉక్కు ఆగితే ఆయుధాలు ఆగిపోతాయని అధ్యక్షుడు ట్రూమన్ భయం. ఏప్రిల్ 8న ఆయన 10340 నంబరు ఆర్డర్ మీద సంతకం చేసి, దేశంలోని ఉక్కు మిల్లుల్లో చాలావాటిని ప్రభుత్వం చేతిలోకి తీసుకోమని వాణిజ్య మంత్రి సాయర్‌కు చెప్పారు. ఆ ఆర్డర్‌లో మనం వెతికే వాక్యం చూడండి. రాజ్యాంగం, చట్టాలు, అధ్యక్ష పదవి, సర్వసైన్యాధ్యక్ష హోదా అని ఉంది. ఫలానా చట్టం, ఫలానా సెక్షన్ అని మాత్రం లేదు.

లేకపోవడానికి కారణం ఉంది. 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం చేసేటప్పుడు, ఇలాంటి సమ్మెల్లో ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఇవ్వాలా అన్న ప్రతిపాదన కాంగ్రెస్ ముందుకు వచ్చింది. కాంగ్రెస్ వద్దంది. దాని బదులు, 80 రోజులు సమ్మె ఆపించే దారి ఇచ్చింది. ఆ బిల్లును వీటో చేసింది ఈ ట్రూమనే. కాంగ్రెస్ ఆ వీటోను దాటి చట్టం చేసింది. ఐదేళ్ల తర్వాత ఆ 80 రోజుల దారి పట్టకుండా, కాంగ్రెస్ వద్దన్న పనే ఆయన చేశారు.

జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో ఆ ఆర్డర్‌ను కొట్టేసింది. అప్పటి తొమ్మిది మంది జడ్జీల్లో ప్రతి ఒక్కరినీ నియమించింది అంతకు ముందరి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లేదా ట్రూమన్. ట్రూమన్ నియమించిన నలుగురిలో ఇద్దరు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆయన అదే రోజు మిల్లులు తిరిగి ఇచ్చేశారు. కార్మికులు సమ్మెకు దిగారు, అది యాభై రోజులకు పైగా సాగింది. అమెరికా అధ్యక్షుడి గురించి ఒకే ఒక్క సంఘటన గుర్తు పెట్టుకోమంటే నేను ఇదే చెబుతాను. యుద్ధం మధ్యలో, సైన్యానికి అధిపతిగా ఉన్న మనిషి, కోర్టు కాగితం చూసి ఆగిపోయాడు.

ఆ కేసులో జస్టిస్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయం నుంచే మనకు మూడు అరల కొలబద్ద దొరికింది. కాంగ్రెస్ ఒప్పుకున్న పని అధ్యక్షుడు చేస్తే ఆయన బలం నిండుగా ఉంటుంది. కాంగ్రెస్ ఏమీ చెప్పని చోట సందె వెలుగు, అటో ఇటో చెప్పలేం. కాంగ్రెస్ ఉద్దేశానికి ఎదురెళ్తే బలం అట్టడుక్కి పడిపోతుంది. ట్రూమన్ పడింది ఈ మూడో అరలో.

ఇప్పుడు మన ఇళ్లలో గుబులు పుట్టించిన కాగితం తీసుకుందాం. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్‌1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్న అధ్యక్షుడు ట్రంప్ ప్రొక్లమేషన్. సెలవుకు ఊరొచ్చినవాళ్లు తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. ఏటా కట్టాలన్న మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. మర్నాడు ప్రభుత్వం వివరణ ఇచ్చింది: ఒక్కసారే, కొత్త పిటిషన్లకే. ఆ కాగితం చదివితే టెన్షన్ అంతా పోయేదని నేను అనను. పాత వీసా ఉన్నవాళ్ల సంగతి అందులో స్పష్టంగా లేదు. కానీ పొడిగించకపోతే 12 నెలలకు ముగుస్తుందన్న మాట అందులోనే ఉంది. మన వాక్యంలో వలస చట్టం సెక్షన్ 212(ఎఫ్) అని కూడా ఉంది. విదేశీయుల్లో ఏ వర్గం రాకనైనా, దేశానికి నష్టమనుకుంటే ఆపే అధికారం కాంగ్రెస్ అధ్యక్షుడికి ఇచ్చిన సెక్షన్ అది. 2018లో, కొన్ని దేశాలవాళ్ల మీద పెట్టిన ప్రయాణ నిషేధం కేసులో సుప్రీంకోర్టు 5-4తో దాన్ని చాలా విశాలంగా చదివింది. అంటే అధ్యక్షుడు మొదటి అరలో నిలబడుతున్నాడు. కోర్టుకెళ్లినవాళ్ల వాదన వేరు: రాక ఆపడం వేరు, డబ్బు వసూలు చేయడం వేరు, వసూలు అధికారం కాంగ్రెస్‌ది.

అదే ఏడాది జనవరి 20న పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ఇచ్చిన ఆర్డర్‌ను దీని పక్కన పెట్టండి. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం లేదన్నది అది. అక్కడ మన వాక్యంలో ఏ సెక్షనూ లేదు. ఎదురుగా, అమెరికాలో పుట్టినవాళ్లకు పౌరసత్వమిచ్చే రాజ్యాంగ 14వ సవరణ ఉంది, దాన్ని బలపరిచిన 1898 నాటి సుప్రీంకోర్టు వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు ఉంది. మూడు రోజుల్లోనే సియాటిల్‌లో ఒక జడ్జి దాన్ని ఆపారు.

సెక్షన్ పేరు ఉంటే చాలనుకోకండి. బైడెన్ ప్రభుత్వం 2003 నాటి చట్టం చూపించి విద్యార్థుల అప్పులు మాఫీ చేయబోతే, ఆ చట్టం అంత దూరం సాగదని 2023లో సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది.

ఇక మనవాళ్లు ఏళ్ల తరబడి నిలబడిన గ్రీన్‌కార్డు వరుస సంగతి. ఉద్యోగాల కోటా ఏడాదికి సుమారు 1,40,000 అనీ, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి అనీ రాసింది కాంగ్రెస్, చట్టంలో. అధ్యక్షుడు ఎవరైనా, ఎంత మంచివాడైనా, ఆ అంకెలను సంతకంతో మార్చలేడు. ఎన్నికలప్పుడు ఎవరైనా ఆ మాట ఇస్తే, కాంగ్రెస్‌లో ఓట్లు ఎక్కడివని అడగండి.

ఈ వారం అభ్యాసం: 2020 జూన్ 22న హెచ్‌1బితో పాటు మరికొన్ని వీసాలను ఆపిన ప్రొక్లమేషన్ తీసుకోండి. అధికారం చెప్పే వాక్యాన్ని కింద గీత గీసి, ఏ అరలో పడుతుందో, గడువు ఎప్పటిదాకానో రాయండి. తర్వాత, 2015లో హెచ్‌4 వీసా (హెచ్‌1బి వాళ్ల కుటుంబానికిచ్చేది) మీదున్న కొందరికి ఉద్యోగ అనుమతి ఇచ్చింది ఎగ్జిక్యూటివ్ ఆర్డరేనా, ఇంకో రకం కాగితమా కనుక్కోండి. 5వ పాఠం దాని మీదే.