గాలితో నడిచే రివెట్ గన్: నా అనుభవం

రేకుల్ని కలిపి బిగించే రివెట్‌కి మధ్యలో ఓ పుల్ల ఉంటుంది, గన్ ఆ పుల్లని లాగి తెంపితే రివెట్ బిగుసుకుంటుంది. చేతి రివెట్ గన్‌తో 4.8 ఎం.ఎం. స్టీల్ రివెట్లు ఓ ఇరవై కొట్టేసరికి మణికట్టు పట్టేసింది, కంప్రెసర్ ఎలాగూ ఉంది కదా అని గాలితో నడిచేది తీసుకున్నాను. కొనేటప్పుడు నేను చూసింది ఒకటే, 4.8 స్టెయిన్‌లెస్ రివెట్‌ని లాగగలదా లేదా అని, ఎందుకంటే అల్యూమినియం రివెట్లు తేలిగ్గానే తెగుతాయి, అసలు పరీక్ష స్టెయిన్‌లెస్‌తోనే. గాలి పెద్దగా తాగదు, 90 పీఎస్ఐ ఒత్తిడి చాలు, చిన్న ట్యాంకైనా సరిపోతుంది.

కొన్నాళ్లకి ట్రిగ్గర్ నొక్కితే రివెట్ పుల్ల పట్టు దొరక్క జారిపోవడం మొదలైంది. గన్ పోయిందేమో అని ఒకటే టెన్షన్. గాలి గొట్టం పీకేసి ముందు భాగం విప్పితే, లోపల పుల్లని పట్టుకునే దవడల పళ్ల మధ్య ఇనుప రజను నల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. వైర్ బ్రష్‌తో గీకి, కిరోసిన్‌లో కడిగి, ఆరాక ఓ చుక్క నూనె వేసి బిగించాను. మొదటి రివెట్టే టక్కుమని తెగింది, ప్రాణం లేచొచ్చింది!

పళ్లు అరిగిపోతే మాత్రం దవడలు మార్చాల్సిందే, కాబట్టి అవి విడిగా దొరికే మోడలే కొనండి. ఒక్క నొక్కుకి తెగాల్సింది రెండు మూడు పడుతుంటే లోపల పుల్లని లాగే బలాన్నిచ్చే హైడ్రాలిక్ నూనె తగ్గిందేమో చూడండి.