లీవర్ యాక్షన్ రైఫిల్‌తో అంగుళం గ్రూప్ రావట్లేదా? ముందు ఇది చూసుకోండి

ముందే లెక్క చెప్పేస్తా. థర్టీ థర్టీ తూటా వాడే లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ కిందున్న లీవర్‌ని ఆడించి తూటా ఎక్కించే రైఫిల్), కంపెనీ నుంచి వచ్చిన మామూలు సైట్లు (గురి చూసే గుర్తులు), షాపులో దొరికే తూటాలు, వీటితో 100 గజాల్లో గ్రూప్, అంటే గుళ్ళన్నీ పడిన చోటు వెడల్పు, మూడు నాలుగు అంగుళాలు వస్తే మీ రైఫిల్ బానే ఉన్నట్టు. స్కోప్ పెట్టి, దానికి పడే తూటా దొరికితే రెండంగుళాలు. అంతకన్నా చిన్నగా వచ్చిందంటే మీది అదృష్టం, లేదా మూడు షాట్లు కొట్టి ఫొటో తీసుకుని ఆపేశారు.

టెక్సాస్ వచ్చాక నేను పాత మార్లిన్ 336 లీవర్ యాక్షన్ ఒకటి కొన్నా. మొదటిరోజు రేంజ్‌లో పక్కన మావాడు బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో (పక్కనున్న పిడిని వెనక్కి లాగి తూటా ఎక్కించేది) రూపాయి బిళ్ళంత చోట గుళ్ళన్నీ దించుతున్నాడు, నాదేమో ఇడ్లీ అంత, ఒకటైతే ఇడ్లీ దాటి చట్నీలో పడింది. బ్యారెల్ పోయిందేమో అనుకుని అమ్మేద్దామనుకున్నా. తప్పు రైఫిల్‌ది కాదు, నేను చూసిన పద్ధతిది.

బోల్ట్ యాక్షన్‌కి కింద చెక్క ఒకటే ముక్క, బ్యారెల్ ముందు దేనికీ తగలకుండా ఉంటుంది. మనదానికి చెక్క రెండు ముక్కలు, మధ్యలో రిసీవర్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రం ఉండే ఇనుప భాగం), ముందున్న చెక్క, తూటాల గొట్టం రెండూ బ్యాండ్లతో బ్యారెల్‌కే వేలాడుతుంటాయి. బ్యారెల్ సన్నం, నాలుగు షాట్లకే వేడెక్కుతుంది, వేడెక్కితే సాగుతుంది, సాగనివ్వకుండా బ్యాండ్లు పట్టుకుంటాయి, దాంతో గుళ్ళు మెల్లగా పక్కకి జరుగుతూ పోతాయి. గొట్టం నిండుగా ఉన్నప్పుడు ఒకచోట, ఖాళీ అయ్యాక ఒకచోట కొట్టే రైఫిళ్ళు కూడా ఉన్నాయి. దీన్ని చేసిందే వేరే పనికి లెండి. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1894 గుర్రం జీనుకి తగిలించుకుని తిరగడానికి, అడవిలో దగ్గర్లో కనిపించిన జింకని గబుక్కున కొట్టడానికి, అంతే.

ఇక చూసుకునే పద్ధతి. మొదట అన్ని స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో చూడండి, సగం మందికి జబ్బు అక్కడే. బెంచి మీద ఇసుక సంచి పెట్టి, రిసీవర్‌కి కాస్త ముందు చెక్క ఆనేలా పెట్టండి, బ్యారెల్ మాత్రం సంచికి అస్సలు తగలకూడదు. ప్రతి షాట్‌కీ అదే చోట, అదే పట్టు. షాట్‌కీ షాట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి, ఇది చాలా బోరు, నాకూ తెలుసు, టీ ఫ్లాస్క్ పట్టుకెళ్ళండి. 150 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుకి కొలత) తూటాలది ఒక డబ్బా, 170ది ఒక డబ్బా తీసుకుని ఒక్కోదానితో కనీసం పది కొట్టండి. మూడు షాట్ల గ్రూప్ అబద్ధం చెప్తుంది.

తూటాల విషయంలో ఒక్కటి మాత్రం మర్చిపోకండి. గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే పేలి మందుని అంటించే, తూటా అడుగునుండే చిన్న బిళ్ళ) తాకుతుంది, అందుకే ముక్కు చదునుగా ఉన్నవే వాడతారు. గట్టి మొన ఉన్నవి పెడితే గొట్టంలోనే పేలొచ్చు. మొన కావాలంటే మెత్తటి ప్లాస్టిక్ మొనతో హార్నడీ వాళ్ళు దీనికోసమే చేసిన లెవరెవల్యూషన్ ఉంది.

టార్గెట్ కూడా పెద్దది పెట్టండి. ముందు సైట్ మీదుండే పూస 100 గజాల్లో దాదాపు ఆరంగుళాల చోటుని కప్పేస్తుంది, దానికింద చిన్న చుక్క పెట్టి గురి చూస్తే ఏం కనపడుతుంది మరి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల నల్ల గుండ్రం పెట్టి, దాని కింది అంచుకి పూసని ఆనించి కొట్టండి. రిసీవర్ మీద పీప్ సైట్ (చిన్న బెజ్జంలోంచి గురి చూసేది) పెట్టించుకుంటే ఇంకా తేడా కనిపిస్తుంది, నా వయసు కళ్ళకైతే స్కోప్ కన్నా ముందు అదే చెప్తా.

గ్రూప్ ఎడమకి పడుతుంటే వెనక సైట్‌ని కుడికి జరపాలి, బుల్లెట్ ఎటు పోవాలో అటు. ఎంత జరపాలంటే, రెండు సైట్ల మధ్య 16 అంగుళాలు అనుకోండి, 100 గజాలంటే 3600 అంగుళాలు, నాలుగంగుళాలు తేడా వస్తోందంటే 16ని 4తో గుణించి 3600తో భాగించండి, అర మిల్లీమీటరు కూడా రాదు! అందుకే ఇత్తడి పంచ్‌తో మెల్లగా తట్టాలి, సుత్తితో కొబ్బరికాయ కొట్టినట్టు కాదు.

ఇంకోటి, హెచ్ వన్ బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు ఇదంతా చదివి రేంజ్‌కి పరిగెత్తకండి. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, అద్దెకి తీసుకున్నా సరే అదే గొడవ. ముందు లాయర్‌ని అడగండి.

వేటకి ఎంత దూరం అంటే, జింక ఛాతీలో తగలాల్సిన చోటు ఎనిమిది అంగుళాల గుండ్రం అనుకోండి. 100 గజాలకి సైట్ పెట్టుకుంటే 200 దగ్గర బుల్లెట్ ఏడెనిమిది అంగుళాలు కిందకి దిగిపోతుంది, కాబట్టి 150 దాటితే నేను ఆలోచించను. అదీ బెంచి మీద లెక్క. అడవిలో బెంచి ఉండదు కదా, అందుకని ఎనిమిది అంగుళాల అట్టముక్క పెట్టి 50 గజాల్లో నిలబడి ఐదు కొట్టండి, ఐదూ తగిలితే 75కి, తర్వాత 100కి జరగండి, ఎక్కడ ఒకటి తప్పిందో దానికి ముందుదే మీ దూరం. నిలబడితే నాది 75, మోకాలి మీద కూర్చుంటే 100. పోయిన సీజన్‌లో 130 గజాల్లో ఓ మంచి జింక తీరిగ్గా నిలబడింది, నేను కొట్టలేదు, మావాడు ఇప్పటికీ ఆ జింక పేరు చెప్పి నన్ను ఏడిపిస్తుంటాడు.