కారు లోనుకి వెళ్లే ముందు మీ సిబిల్ మీరే చూసుకోండి

కిందటేడు కారు కొందామని శ్రీకాకుళంలో ఒక షోరూముకి వెళ్లాం. టీ ఇచ్చారు, టెస్ట్ డ్రైవ్ అని హైవే మీద అటూ ఇటూ తిప్పారు, రంగు మా ఆవిడ ఖాయం చేసేసింది. ఆఖర్న లోన్లు చూసే కుర్రాడు నా పాన్ నంబరు కొట్టి, ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పించుకుని, కాసేపు స్క్రీన్ వైపు చూసి గొంతు తగ్గించి "సార్, పాత లోను ఒకటి ఓవర్‌డ్యూ చూపిస్తోంది" అన్నాడు. ఏం లోనా అని చూస్తే నాలుగేళ్ల కిందట వాయిదాల మీద కొన్న ఫోను! ఒక నెల ఖాతాలో డబ్బుల్లేక ఈఎంఐ బౌన్సయింది, తర్వాత కట్టేశాను, కానీ బౌన్సు మీద వేసిన 354 రూపాయల ఛార్జీ అలాగే ఉండిపోయింది. ఆ 354 దగ్గర 6 లక్షల లోను ఆగింది. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకని నేను చెప్పేది ఒకటే. షోరూము వాడు చూసేలోపు మీ సిబిల్ రిపోర్టు మీరు చూడండి.

అందరం సిబిల్ సిబిల్ అంటాం గానీ అది మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఒక కంపెనీ పేరు. ఇలాంటి కంపెనీల్ని క్రెడిట్ బ్యూరోలంటారు, మన దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. మీరు తీసుకున్న ప్రతి లోనూ, కార్డూ, వాటి మీద ఏ నెల కట్టారో ఏ నెల ఆలస్యం చేశారో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీళ్లకి పంపుతాయి. ఇదివరకు నెలకోసారి పంపేవారు, 2025 జనవరి నుంచి కనీసం 15 రోజులకోసారి పంపాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. దాన్నిబట్టి 300 నుంచి 900 మధ్య ఒక స్కోరు వస్తుంది. 750 దాటితే మంచిదని బజార్లో అంటారు. అయితే లోను ఇవ్వాలా వద్దా అని తేల్చేది బ్యూరో కాదు, అప్పిచ్చే వాడే. ఒకచోట కుదరదన్న లోను పక్క బ్యాంకులో కుదరొచ్చు, వడ్డీ మాత్రం మారుతుంది.

వడ్డీ తేడా చిన్నదే కదా అనుకోవద్దు. 6 లక్షలు, ఐదేళ్లు తీసుకోండి. 9.5 శాతానికైతే ఈఎంఐ సుమారు 12,600. అదే 11.5 శాతమైతే 13,200 దాకా వస్తుంది. మొత్తం మీద 35 వేలు దాటి తేడా. స్కోరునిబట్టి వడ్డీ పెట్టే బ్యాంకులు ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది ఉత్త లెక్క కాదు.

రిపోర్టు తెప్పించుకోవడం కష్టమేం కాదు. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి రూలే అది. వాళ్ల వెబ్‌సైట్లో పాన్, పుట్టిన తేదీ, ఫోను నంబరు ఇస్తే వస్తుంది. మధ్యలో డబ్బు కట్టే ప్లాన్లు చూపించి ఊరిస్తారు, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. మీ రిపోర్టు మీరు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. ఈ భయంతోనే చాలామంది చూసుకోవడం మానేస్తున్నారు.

ఇక రిపోర్టులో ఏం చూడాలంటే, స్కోరు దగ్గరే ఆగిపోకుండా కిందికి దిగండి. ఒక్కో ఖాతా కింద నెలలవారీగా చిన్న గళ్లు ఉంటాయి, దాదాపు మూడేళ్లవి. సున్నాలుంటే టైముకి కట్టినట్టు. 30, 60 అని ఉంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. ఇంకో చోట ఖాతా స్థితి ఉంటుంది. అక్కడ క్లోజ్డ్ అని ఉండాలి. సెటిల్డ్ అని ఉంటే మాత్రం గొడవే. ఫైనాన్స్ వాడు ఫోన్ చేసి "40 వేలకి 22 వేలు కట్టండి సార్, క్లోజ్ చేసేద్దాం" అన్నప్పుడు మనకి పండగలా ఉంటుంది, వాడు మాత్రం పూర్తిగా కట్టలేదనే రాస్తాడు.

మా వైపు జనానికి ఎక్కువగా తగిలేవి రెండున్నాయి. ఒకటి పంట రుణం. ఎన్నికల ముందు మాఫీ వస్తుందన్న ఆశతో తిరగరాయించడం ఆపేస్తారు, అది ఓవర్‌డ్యూలోకి పోతుంది. పొలం చూసుకునేది నాన్న, బ్యాంకులో పేరు మాత్రం విశాఖలో ఉద్యోగం చేసే కొడుకుది. ఆ కుర్రాడికి కారు కొనేదాకా సంగతి తెలియదు. రెండోది జామీను. బావమరిది ట్రాక్టరుకి సంతకం పెట్టి మరిచిపోతాం. ఆయన వాయిదా ఎగ్గొడితే అది మన రిపోర్టులోనూ కనబడుతుంది. అడిగితే "ఏటి బావా, రెండు నెల్లే కదా" అంటాడు. ఆ రెండు నెలలే!

ఇంకోటి, పేర్ల తికమక. మా జిల్లాలో అప్పలనాయుడూ అని పిలిస్తే వీధిలో ముగ్గురు తిరిగి చూస్తారు, విజయనగరంలో పైడిరాజులదీ అదే కథ. పేరు ఒకటే అయి, పుట్టిన తేదీయో అడ్రసో దగ్గరగా ఉంటే వేరే వాళ్ల లోను మీ రిపోర్టులో చేరిపోవచ్చు. మీది కాని ఖాతా కనిపిస్తే ఆ బ్యూరో సైట్లోనే ఉచితంగా ఫిర్యాదు పెట్టండి. బ్యూరో తనంతట తాను మార్చదు, లోను ఇచ్చిన సంస్థని అడిగి మారుస్తుంది. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయలు మీకు పరిహారం. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో రాయొచ్చు. "సిబిల్ లేపుతాం, 5 వేలు ఇవ్వండి" అనేవాళ్ల మాట నమ్మకండి. నిజంగా కట్టాల్సిన బాకీని ఎవడూ చెరపలేడు.

నా 354 సంగతా? కంపెనీకి మెయిల్ పెట్టి, కట్టి, బాకీ లేదని ఉత్తరం తీసుకున్నాను. రిపోర్టులో మారడానికి దాదాపు నెల పట్టింది. ఆ ఉత్తరం పీడీఎఫ్ ఇప్పటికీ దాచుకున్నాను.

అసలు ఏ లోనూ లేనివాళ్ల సంగతి వేరు. పలాసలో జీడిపప్పు వ్యాపారం అంతా నగదు మీద చేసేవాళ్లకీ, అప్పంటే పడని పాతకాలం మనుషులకీ స్కోరే రాదు, మైనస్ ఒకటి అని చూపిస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు, చరిత్ర లేదని అర్థం. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనొద్దని రిజర్వ్ బ్యాంక్ కూడా చెప్పింది. అయినా రేటు బాగా రావాలంటే కొంచెం ముందు నుంచే పని మొదలుపెట్టండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, పెట్రోలుకి వాడి, నెలనెలా పూర్తిగా కట్టేయండి.

ఇప్పుడు షోరూములో జాగ్రత్త. లోను కోసం మీ వివరాలు ఒక సంస్థకి వెళ్లిన ప్రతిసారీ రిపోర్టులో ఎంక్వైరీ అని పడుతుంది, ఎవరు, ఎప్పుడు, ఎంతకి అడిగారో సహా. ఒకటి రెండైతే ఫరవాలేదు. షోరూము కుర్రాడు "ఎక్కడ తక్కువ వస్తే అక్కడ చేద్దాం సార్" అని ఒకేసారి ఐదు చోట్లకి పంపాడంటే మీరు డబ్బుకి అల్లాడుతున్నట్టు కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న చుట్టాలు, అక్కడ రెండు వారాల్లో ఎన్నిచోట్ల కారు లోను అడిగినా ఒక్కటిగానే లెక్కేస్తారని చెబుతారు. నిజమే, అది అక్కడి స్కోరు పద్ధతి. ఇక్కడ దాన్ని నమ్ముకోవద్దు. ముందు మీ జీతం పడే బ్యాంకులో రేటు నోటిమాటగా అడగండి, తర్వాత షోరూము వాడు చెప్పే రేటు వినండి, రెండూ పోల్చుకున్నాకే ఓటీపీ చెప్పండి. ఓటీపీ చెప్పారంటే మీ రిపోర్టు చూడ్డానికి ఒప్పుకున్నట్టే.

స్కోరొక్కటే చూసి ఇచ్చేయరు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు, బౌన్సులుంటే పట్టుకుంటారు. ఉద్యోగికి జీతం స్లిప్పులు, వ్యాపారికి ఐటీ రిటర్నులు. ఉన్న ఈఎంఐలన్నీ కలిపి సంపాదనలో సగం దాటుతుంటే మొహం చిట్లిస్తారు. తర్వాత ఇంటికి మనిషి వస్తాడు. మా ఇంటికొచ్చినవాడు గుమ్మం ఫొటో తీసుకుని, ఎదురింటి మామ్మని నా గురించి అడిగాడట. "మంచోడే బాబూ, ఏటయింది, కేసా?" అందట ఆవిడ. కాబట్టి చుట్టుపక్కల ముందే చెప్పి ఉంచండి.

లీజు అంటారా, మన ఊళ్లలో తక్కువే. ఎక్కువగా పెద్ద కంపెనీల ఉద్యోగులకి జీతంలో భాగంగా వస్తుంది. సొంతంగా తీసుకునేవాళ్లకి అక్కడా ఇదే తనిఖీ ఉంటుంది, ఎందుకంటే బండి లీజు కంపెనీది, నెలనెలా కట్టాల్సింది మీరు.

సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం అడిగి తీసుకోండి. అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ముందే కట్టేస్తే ఎంత కోస్తారో కూడా చదవండి. లోను అయిపోయిన రోజు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రంతో పాటు ఫారం 35 తీసుకుని, ఆర్సీ మీద ఉన్న బ్యాంకు పేరు ఆర్టీఏలో తీయించండి. నెల రోజులాగి రిపోర్టు మళ్లీ తెరిచి ఆ ఖాతా క్లోజ్డ్ అని పడిందో లేదో, బాకీ దగ్గర సున్నా ఉందో లేదో చూడండి. మూడు వందల యాభై నాలుగు లాంటిదేదైనా మిగిలి ఉంటే అప్పుడే తెలుస్తుంది.