తుఫానుల నెలలకు ముందు: క్లస్టర్‌లోని మెయిల్ డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి తెచ్చుకునేవారికి జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి నెలలు రాకముందే, ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) క్లస్టర్లు, అంటే ఒకే డేటాబేస్ కాపీలను పంచుకునే సర్వర్ల గుంపులు, చూసుకునేవారు ఈ కిందివి ముందే సరిచూసుకోవాలి.

వాడుకలో ఉన్న డేటాబేస్‌పై పాత బ్యాకప్‌ను నేరుగా రాయకండి. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టే లాగ్ ఫైళ్ల వరుసలో ఒక్కటి తెగినా, ఆ తర్వాత వచ్చిన మెయిళ్లన్నీ పోతాయి. పక్క నోడ్‌లో (క్లస్టర్‌లోని మరో సర్వర్‌లో) ఆరోగ్యంగా ఉన్న కాపీ దొరికితే అసలు బ్యాకప్ జోలికే వెళ్లనక్కర్లేదు. ఒక్కరి మెయిల్‌బాక్సు కోసమే అయితే రికవరీ డేటాబేస్‌లోకి (బ్యాకప్‌ను విడిగా తెరిచే డేటాబేస్) తెచ్చి, కావలసినంత మాత్రమే తీసుకోవడం మేలు.

పాత లాగ్ ఫైళ్లను చెరపకుండా వేరే డ్రైవుకు తరలించండి. బ్యాకప్ తీసిన క్షణం నుంచి సర్వర్ పడిపోయిన క్షణం దాకా దారి వాటిలోనే ఉంటుంది. గాజువాకలో ఒక కార్యాలయంలో డిస్కు నిండిందని అర్ధరాత్రి వాటిని తుడిచేశాను. తెల్లవారేసరికి ఒక పూట కొటేషన్లు ఎవరి దగ్గరా లేవు.

ప్యాసివ్ కాపీలకు (మిగతా నోడ్‌లలో సిద్ధంగా ఉంచే నకళ్లు) రెప్లికేషన్‌ను, అంటే మార్పులు చేరవేయడాన్ని, ముందుగా నిలిపివేసి, యాక్టివ్ కాపీ (వాడుకలో ఉన్నది) ఉన్న నోడ్‌లోనే పునరుద్ధరించండి.

డేటాబేస్‌ను మౌంట్ చేసే (వాడుకలోకి తెచ్చే) ముందు దాని స్థితిని చెప్పే హెడర్ చూడండి. ‘డర్టీ షట్‌డౌన్’ (సరిగా మూసుకోలేదు) అని ఉంటే ముందు లాగ్‌లతో రికవరీ నడపాలి. దెబ్బతిన్న పేజీలను పారేసే రిపేర్ ఆప్షన్‌ను, నా దృష్టిలో, అన్ని దారులూ మూసుకుపోయాకే ముట్టుకోవాలి.

డేటాబేస్‌కూ లాగ్‌లకూ కలిపి డిస్కులో చోటు ఉండాలి.

మౌంట్ అయ్యాక ప్యాసివ్ కాపీలను రీసీడ్ చేసి (యాక్టివ్ కాపీ నుంచి కొత్తగా నింపి), కాపీ క్యూ (ఇంకా చేరాల్సిన లాగ్‌ల వరుస) సున్నాకు చేరేదాకా యాక్టివ్ కాపీ ఉన్న నోడ్‌ను రీస్టార్ట్ చేయకండి.