రెజాంగ్ లా వెళ్తున్నారా? ముందు ఎత్తు సంగతి చూసుకోండి

నవంబర్ 18కి లడఖ్ వెళ్లి, చైనా సరిహద్దు దగ్గరున్న రెజాంగ్ లా అనే కనుమ యుద్ధవీరుల స్మారకం దగ్గర నిలబడి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1962లో ఆ రోజు తెల్లవారకముందే చైనా దాడి మొదలైంది. కొండ మీద ఉన్నది 13వ కుమావూన్ బెటాలియన్‌కు చెందిన చార్లీ కంపెనీ. మేజర్ షైతాన్ సింగ్ కింద దాదాపు 120 మంది. ఎక్కువమంది హర్యానా మైదానాల నుంచి వచ్చిన అహీర్లు (యాదవులు), అంటే మంచు కొండల్లో పెరిగినవాళ్లు కాదు. మధ్యలో కొండలు అడ్డం రావడంతో వెనక ఉన్న మన ఫిరంగులు వాళ్లకు అక్కరకు రాలేదు. 114 మంది పోయారు. నెలల తర్వాత మంచులో గడ్డకట్టిన శరీరాలు దొరికాయి, కొందరి చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు.

ఈ కథ తెలిసినవాళ్లు కూడా లేహ్‌లో దిగిన మర్నాడే కారెక్కేస్తారు. అదే పెద్ద పొరపాటు. లేహ్ ఎత్తు 11,500 అడుగులు, స్మారకం దగ్గరి ఊరు చుషుల్ 14 వేల పైన. పాంగాంగ్ సరస్సు దారిలో వెళ్తే మధ్యలో చాంగ్ లా కనుమ 17 వేలు దాటుతుంది. ఇంత ఎత్తులో ఆక్సిజన్ తక్కువ, ఒళ్లు దానికి అలవాటు పడాలి. హైదరాబాద్‌లో రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికైనా ఇక్కడ మినహాయింపు లేదు. లేహ్‌లో కనీసం రెండు రోజులు ఊరికే ఉండండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. ఎత్తు వల్ల జబ్బు పడకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా అన్నది ఊళ్లోనే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, నడకలో తూలుతున్నా ఆలోచించకుండా కిందికి దిగాలి. అర్ధరాత్రయినా సరే. ఆక్సిజన్ సిలిండర్ దిగేదాకా ఆదుకుంటుంది, అంతే. చుషుల్ నుంచి లేహ్‌లోని పెద్దాసుపత్రికి గంటల ప్రయాణం. గుండె జబ్బు, తీవ్రమైన ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకుంటేనే టికెట్ కొనండి.

చలికి ఒక్క మందపాటి జాకెట్ చాలదు. పొరలు పొరలుగా వేసుకోండి, సాక్సులు తడిస్తే వెంటనే మార్చండి. ఫోన్, పవర్ బ్యాంకు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి చార్జింగ్ చూస్తుండగానే పడిపోతుంది. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నా చాలా దూరం సిగ్నల్ ఉండదు. ట్యాంకు నిండా ఇంధనం కొట్టించుకోండి. సరిహద్దు కాబట్టి పర్మిట్ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు లేహ్‌లో మరోసారి కనుక్కోండి. గుర్తింపు కార్డు జిరాక్సులు నాలుగైదు ఉంచుకోండి.

స్మారకం దాకా వెళ్లాక, పోరు జరిగిన కొండ ఎక్కుదామని సరదా పడొద్దు. బంకర్ల ఫొటోలు, డ్రోన్లు అసలే వద్దు. మధ్యాహ్నం రెండు దాటకముందే బండి వెనక్కి తిప్పండి. పొద్దు వాలాక ఆ దారిలో మంచు గడ్డకట్టి టైర్లు జారతాయి.